తెలుగు రాత, ఆరో పాఠం: ఒత్తు కిందికి, గుడి పైకి

చెన్నైలో పిల్లలకు ఇంట్లో తెలుగు రాత నేర్పే పెద్దలకు ఈ పాఠాలు. క, గ తేడా చెప్పిన ఐదో పాఠం తర్వాత చాలా ఇళ్లలో ఒకటే గొడవ. అంతకుముందు "గాలి"ని "కాలి" అని రాసిన పిల్లలు ఇప్పుడు "కాకి"ని "గాకి" అని రాస్తున్నారు. కంగారు పడకండి. తమిళంలో క, గ రెంటికీ అక్షరం ఒకటే. మాట మొదట్లో ఉంటే ఒకలా, ముక్కుతో పలికే అక్షరం తర్వాత వస్తే ఇంకోలా, చోటును బట్టి పలుకుతారు. చెన్నై బడిలో ఆ లెక్కకు అలవాటు పడ్డ పిల్లకు తెలుగులో చూడాల్సింది చోటు కాదు, వినాల్సింది శబ్దం అని నేర్పుతున్నాం. మీరేమో వరసగా ఇరవై గ మాటలు చెప్పి రాయించారు. పిల్ల మూడో మాటకే చెవి పెట్టడం మానేసి అన్నిటికీ గ తగిలించింది. ఎప్పుడూ కలగలిపి చెప్పాలి: కుడి, బాట, గంప, పాట, గుడి, కంప. రోజుకు ఆరు చాలు.

గొంతు మీద చెయ్యి పెట్టి చూస్తే గకే కాదు, కకూ అదురుతోందని మీరన్న మాట నిజమే. వెనక అచ్చు ఉంది కదా, అదరక ఏం చేస్తుంది? రెండు చెవులూ మూసుకుని "అక", "అగ" అనమనండి. "అగ"లో లోపలి రొద ఆగదు. "అక"లో చిటికెడు సేపు తెగుతుంది. "వంకాయ"ని "వంగాయ" చేసేవాళ్లకూ ఇదే మందు.

ఇక ఒత్తులు. త, న, మ, య, ర, ల ఒత్తులకు తల్లి అక్షరం పోలిక ఉండదు, బట్టీ పట్టించండి. మిగతావి చూస్తే తెలిసిపోతాయి.

"అమ్మ" తమిళంలో మూడక్షరాలు: అ, నెత్తిన పుల్లి (చుక్క) పెట్టిన మ్, ఆపైన మా. తెలుగులో రెండే. తమిళం పక్కకు పరుస్తుంది, తెలుగు కిందికి పేరుస్తుంది. "అమ్‌మ" అని రాసే అలవాటు వారంలో పోతుంది.

పోనిది "రాత్రి". దీన్ని పిల్లలు మూడు రకాలుగా చెడగొడతారు, మూడింటికీ కారణాలు వేరు. "రాత్తిరి" అని రాస్తే తప్పు పిల్లది కాదు. తమిళంలో అలాగే రాస్తారు, ఇంట్లో మనమూ అలాగే అంటాం. రాయించే ముందు "రా, త్రి" అని రెండు చప్పట్లతో పలికించండి. "రార్తి" అని రాస్తే అచ్చు పుస్తకం చూసి మోసపోయినట్టు. చాలా ఫాంట్లలో ర ఒత్తు కొక్కెం అక్షరానికి ఎడమ పక్క నుంచి మొదలవుతుంది, ర ముందొస్తుందనుకుంటారు.

"రాతిర" అని రాస్తే మాత్రం తప్పు నేర్పినవాళ్లది. "తికి ర ఒత్తిస్తే త్రి" అని వల్లె వేయించి ఉంటారు. ఈ వల్లె వింటే ఒళ్లు మండుతుంది. "తి" అన్నాక అచ్చు వచ్చేసింది, ఇక ర ఎక్కడ దూరాలి? పిల్ల విన్నది విన్నట్టే రాసింది: తి, తర్వాత ర. పాతకాలపు వల్లెలో లెక్క సరిగ్గానే ఉండేది: "తకు ర ఒత్తిస్తే త్ర, త్రకు గుడిస్తే త్రి". గుడి చివర రావాలి, నోట్లోనూ చేతిలోనూ. చక్కగా "తి" రాసేసి కింద ఒత్తు తగిలించడం పెద్దవాళ్లకు సుళువే. నేర్చుకునే పిల్లకు వద్దు.

లెక్కల గళ్ల నోటు తీయండి. మామూలు గీతల నోటులో ఒత్తుకు చోటుండదు, అది కింది వరస నెత్తినెక్కుతుంది. ఒక్కో అక్షరానికి ఒకదాని కింద ఒకటి రెండు గళ్లు. పై గడిలో తలకట్టు లేని త, కింది గడిలో ర ఒత్తు, పెన్సిల్ మళ్లీ పైకి వెళ్లి గుడి. పెన్సిల్ రెండోసారి పైకి వెళ్లిందో లేదో, అదొక్కటే చూడండి. అక్షరం వంకర పోయినా పర్లేదు.

అభ్యాసానికి మన ఊళ్లోని పేర్లే చాలు. చింతాద్రిపేట బోర్డు మీద తమిళంలో "ద్రి" రెండక్షరాలుగా విడిపోయి ఉంటుంది. తెలుగులో ఒకే నిలువు జత గళ్లలో పట్టాలి. ట్రిప్లికేన్‌లో ఇదే పని రెండుసార్లు: ట్రి, ప్లి. ఎగ్మూరులో మ ఒత్తు కింద, కొమ్ముదీర్ఘం గ మీద. వ్యాసర్పాడి అన్నిటికన్నా కష్టం: "ర్పా"లో దీర్ఘం వినపడేది ప దగ్గర, రాసేది ర మీద. ఈ నాలుగూ నాలుగు రోజులు, రోజుకు ఒక్కసారే, చూడకుండా. తప్పితే కొట్టేయించి పదిసార్లు రాయించొద్దు. తప్పిన అక్షరం ఒక్కటే గళ్లలో మళ్లీ కట్టించండి.

"చెన్నై" ఇప్పుడే రాయించకండి. అందులో న ఒత్తూ ఐత్వం తోకా రెండూ కింది గడికే దిగుతాయి. ఆ ఇరుకు సంగతి ఏడో పాఠంలో.