విదేశీ ఎయిర్‌లైన్ వెబ్‌సైట్ మన ఊళ్లో తెరుచుకోకపోతే ఏం చేయాలి?

"అబ్బయా, మావోడి టికెట్టు క్యాన్సిలయినట్టుందిరా. పర్మిషన్ లేదంటా ఉంది ఇందులో."

పోయినేడు ఎండాకాలం ఒక పొద్దున ఆత్మకూరు నుంచి మా పిన్ని ఫోన్. ఆవిడ కొడుకు, అంటే నాకు తమ్ముడు, కువైట్‌లో పని చేస్తాడు, రెండేళ్ల తర్వాత ఇంటికి వస్తున్నాడు. విమానం చెన్నైలో ఎన్నింటికి దిగుతుందో చూసుకుని కారు మాట్లాడదామని, వాడు వాట్సాప్‌లో పంపిన టికెట్ మీదున్న ఎయిర్‌లైన్ సైట్‌ను పిన్ని తన ఫోన్లో తెరిచింది. తెల్లటి పేజీ. పైన లావు అక్షరాలతో ‘యాక్సెస్ డినైడ్’. కింద ఇంగ్లిష్‌లో ఒక లైను, దీన్ని చూసే పర్మిషన్ మీకు లేదని. పిన్నికి అందులో పర్మిషన్ అనే మాట ఒక్కటే అర్థమైంది. వీసాలు, అకామాల (అక్కడ ఉండటానికిచ్చే పర్మిట్ల) మధ్య మనిషిని గల్ఫ్‌కి పంపుకున్న ఇంట్లో ఆ మాట ఎంత భయపెడుతుందో ఆ ఇళ్లవాళ్లకే తెలుసు. వాడేమో డ్యూటీలో ఉండి ఫోన్ ఎత్తడం లేదు. నాకు చేసేసరికి ఆవిడ గొంతు వణుకుతోంది.

టికెట్‌కి ఏమీ కాలేదు. టికెట్ ఉండేది ఎయిర్‌లైన్ రిజర్వేషన్ సిస్టమ్‌లో. వెబ్‌సైట్ దాన్ని మనకు చూపించే పేజీ మాత్రమే. ఆ పేజీ మన దగ్గర తెరుచుకోలేదంటే మన నెట్‌కీ ఆ సైట్‌కీ మధ్య ఏదో అడ్డం పడిందని. అంతకుమించి టికెట్ సంగతి అది ఏమీ చెప్పదు. ఆత్మకూరు, ఉదయగిరి, కనిగిరి, పొదిలి, ఎటు వెళ్లినా పిల్లలు పరాయి దేశాల్లో ఉన్న ఇళ్లున్నాయి. ఈ టెన్షన్ ఇంకో తల్లి పడకూడదని, ఏం చూడాలో వరసగా రాస్తున్నాను.

ముందు స్క్రీన్ మీద ఏముందో చదవండి

కంగారులో అందరూ చేసేది పేజీని పదిసార్లు రీలోడ్ చేయడం. అది చేయకండి. కాపలా ప్రోగ్రాం ఉన్న సైట్లు అలా వెంటవెంటనే వచ్చే ఫోన్‌ని మనిషి కాదు, మెషీన్ అనుకుని ఇంకా గట్టిగా ఆపుతాయి. ఒక స్క్రీన్‌షాట్ తీసుకుని నిదానంగా చదవండి. ఏం వచ్చిందన్న దాన్ని బట్టి కారణం చాలావరకు తెలిసిపోతుంది.

‘యాక్సెస్ డినైడ్’ అనో, 403 అనో ఉంటే సైట్ బాగానే పనిచేస్తోంది, మిమ్మల్ని కావాలని ఆపింది. పిన్ని పంపిన స్క్రీన్‌షాట్‌లో అడుగున ‘రిఫరెన్స్’ అని, 18తో మొదలై మధ్యమధ్య చుక్కలున్న పొడుగాటి నంబరు ఉంది. అది అకమై అనే కంపెనీ కాపలా ఉన్న సైట్లలో కనిపిస్తుంది. క్లౌడ్‌ఫ్లేర్ కాపలా ఉంటే అడుగున ‘రే ఐడీ’ అని ఉంటుంది. మిమ్మల్ని ఎందుకు ఆపారో ఎయిర్‌లైన్ వాళ్లు ఆ నంబరు పట్టుకుని చూడగలరు కాబట్టి దాన్ని దాచుకోండి. క్లౌడ్‌ఫ్లేర్ పేజీలో 1009 అని ఉంటే అనుమానమే లేదు, మీ దేశం మొత్తాన్నీ ఆపారు. 451 అని వస్తే చట్టపరమైన కారణంతో ఆపారని అర్థం.

503 అని వస్తే సైటే మూలుగుతోంది, గంట ఆగి చూడండి. ‘సైట్ కాంట్ బీ రీచ్డ్’ అని వచ్చి, కింద డీఎన్ఎస్ అనే అక్షరాలు కనిపిస్తే మీ నెట్‌కి ఆ సైట్ చిరునామా దొరకలేదు. చాలాసేపు తిరిగి తిరిగి ‘టైమ్డ్ అవుట్’ అని వస్తే దారిలో ఎక్కడో ఆగింది. సముద్రం అడుగున ఉండే కేబుళ్లు తెగినప్పుడు కూడా ఇలాగే ఉంటుంది. 2025 సెప్టెంబరులో ఎర్ర సముద్రంలో జెడ్డా దగ్గర కేబుళ్లు తెగి, మన దేశంలోనూ గల్ఫ్‌లోనూ నెట్ నెమ్మదించింది. అలాంటప్పుడు మీ ఫోన్లో ఏం మార్చినా లాభం లేదు.

‘యువర్ కనెక్షన్ ఈజ్ నాట్ ప్రైవేట్’ అని వస్తే ముందు ఫోన్లో తేదీ, టైము సరిగా ఉన్నాయో లేదో చూడండి. తేదీ తప్పుంటే మంచి సైట్లు కూడా దొంగ సైట్లలా కనిపిస్తాయి. తేదీ సరిగానే ఉండి కూడా అదే వస్తుంటే కార్డు నంబరు, పాస్‌పోర్టు నంబరు అక్కడ ఇవ్వకండి.

వాళ్లు ఎందుకు ఆపుతారు?

మన మీద కోపంతో కాదు. విమాన టికెట్ల సైట్లను రాత్రింబవళ్లు మెషీన్లు తడుముతూ ఉంటాయి. ధరలు కాపీ కొట్టే ప్రోగ్రాములు, దొంగిలించిన కార్డులతో టికెట్లు కొనేవాళ్లు, ఖాతాల్లోని మైల్స్ (ప్రయాణాలకిచ్చే పాయింట్లు) కాజేసేవాళ్లు, సైట్‌ని కూలదోయాలని లక్షల రిక్వెస్టులు ఒక్కసారిగా పంపేవాళ్లు. మనం ఒక తేదీకి ధర వెతికిన ప్రతిసారీ వెనక రిజర్వేషన్ సిస్టమ్ పనిచేయాలి, దానికి ఎయిర్‌లైన్‌కి ఖర్చవుతుంది. నాలుగైదు దేశాలకే విమానాలు నడిపే చిన్న కంపెనీ, తను వెళ్లని దేశాల నుంచి వచ్చే రద్దీ అంతా మెషీన్లదేనని తలచి, ఆ దేశాలన్నింటికీ ఒక్క సెట్టింగ్‌తో తలుపు వేసేస్తుంది. నా దృష్టిలో ఇది మోటు పద్ధతి. మెషీన్లతో పాటు ఇక్కడ ఎదురుచూసే తల్లిదండ్రులూ బయటే ఉండిపోతారు.

రాజకీయాలూ ఉంటాయి. 2022లో ఉక్రెయిన్ యుద్ధం మొదలయ్యాక సైబర్ దాడులకు భయపడి రష్యా ప్రభుత్వ సైట్లు కొన్ని బయటి దేశాలకు మూసేశారు. సైట్ అసలుదేనని చెప్పే సెక్యూరిటీ సర్టిఫికెట్లు ఇవ్వడం పాశ్చాత్య కంపెనీలు ఆపేయడంతో రష్యా సొంతంగా ఇవ్వడం మొదలుపెట్టింది, వాటిని మన ఫోన్లలోని క్రోమ్ నమ్మదు. ఆ ఏడాది మార్చిలోనే వీసా, మాస్టర్‌కార్డ్ అక్కడ పని ఆపేశాయి కాబట్టి, సైట్ తెరుచుకున్నా మన కార్డుతో రష్యా లోపలి టికెట్ కొనడం కుదరదు. పిల్లల్ని అక్కడ మెడిసిన్ చదివిస్తున్నవాళ్లు ఇది గుర్తుపెట్టుకుంటే చాలా టైము మిగులుతుంది. లోపలి ప్రయాణాల టికెట్లు అక్కడున్న పిల్లలతోనే కొనిపించండి.

ఇంకో కారణం మన నెట్‌లోనే ఉంది. మొబైల్ డేటాలో మీ ఫోన్‌కి విడిగా ఒక ఐపీ అడ్రస్ ఉండకపోవచ్చు. అపార్ట్‌మెంట్ మొత్తానికి ఒకే డోర్ నంబరు ఉన్నట్టు, వందల ఫోన్లు ఒకే అడ్రస్‌తో బయటికి వెళ్తాయి. వాటిలో ఒక ఫోన్లో వైరస్ యాప్ ఉండి పిచ్చిపిచ్చిగా రిక్వెస్టులు పంపితే, ఆ అడ్రస్‌కి చెడ్డపేరు వచ్చి మీరూ ఇరుక్కుంటారు. ఐపీ అడ్రస్‌లు కంపెనీల మధ్య చేతులు కూడా మారతాయి. మీరు నెల్లూరులో కూర్చుని ఉన్నా, పాత లెక్కల్లో మీ అడ్రస్ ఇంకేదో దేశానిదని ఉండొచ్చు.

ఇక చేయాల్సింది, వరసగా

నెట్ మార్చి చూడండి. వైఫైలో ఉంటే మొబైల్ డేటాకి, డేటాలో ఉంటే వైఫైకి. ఇంట్లో ఇంకో కంపెనీ సిమ్ ఉంటే దాంతో. ఏమీ లేకపోతే ఫోన్‌ని పది సెకన్లు ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టి తీయండి, ఒక్కోసారి కొత్త అడ్రస్ వస్తుంది. పిన్ని విషయంలో పక్కింటి వాళ్ల వైఫైకి మారగానే సైట్ తెరుచుకుంది. అంటే ఇండియా మొత్తాన్ని ఆపలేదు, ఆవిడ సిమ్‌కి ఆ పొద్దున వచ్చిన అడ్రస్‌ని ఆపారు.

అడ్రస్ అక్షరం అక్షరం చూడండి. గూగుల్‌లో పైన వచ్చే ప్రకటన లింకు కాకుండా, టికెట్ పీడీఎఫ్ మీదున్న సైట్ పేరు మీరే టైపు చేయండి. ఫోన్లో ఇప్పటికే వీపీఎన్ (మనం వేరే చోటి నుంచి వచ్చినట్టు చూపించే యాప్) గానీ, ప్రకటనలు ఆపే యాప్ గానీ ఉంటే ఆపేయండి. చాలామంది ఇళ్లలో పిల్లలు ఆటల కోసం వేసిన ఉచిత వీపీఎన్ అలాగే నడుస్తూ ఉంటుంది. తర్వాత బ్రౌజర్‌లో పాత వివరాలు వాడని ఇన్‌కాగ్నిటో విండోలో ప్రయత్నించండి.

డీఎన్ఎస్ ఎర్రర్ వచ్చినవాళ్లు ఆండ్రాయిడ్ సెట్టింగ్స్‌లో నెట్‌వర్క్ విభాగంలోకి వెళ్లి ‘ప్రైవేట్ డీఎన్ఎస్’ దగ్గర ‘డీఎన్ఎస్ డాట్ గూగుల్’ అని ఇంగ్లిష్ అక్షరాలతో కొట్టి సేవ్ చేయండి. కంప్యూటర్ అయితే డీఎన్ఎస్ దగ్గర 8.8.8.8 లేదా 1.1.1.1 ఇవ్వాలి. యాక్సెస్ డినైడ్ వచ్చినవాళ్లకు మాత్రం దీనితో పని జరగదు.

అక్కడున్న మనిషినే తెరవమనండి. ఇదే అన్నింటికంటే తేలికైన దారి, కంగారులో ఇదే గుర్తురాదు. కువైట్‌లోని సైట్ కువైట్ నెట్‌లో తెరుచుకుంటుంది. తేదీ మార్పైనా, లగేజీ కొనడమైనా అక్కడే చేయించుకుంటే డబ్బు కట్టడం కూడా సులువు, అక్కడి బ్యాంకు కార్డుతో, అక్కడి చెల్లింపుల నెట్‌వర్క్ కేనెట్‌లో కట్టేస్తారు. మనకి కావాల్సిన పేజీ స్క్రీన్‌షాట్ పంపితే చాలు.

వాళ్లు అందుబాటులో లేకపోతే ఎయిర్‌లైన్ యాప్‌లో చూడండి. యాప్ వేరే సర్వర్లతో మాట్లాడొచ్చు, అందుకే సైట్ ఆగినా యాప్ పనిచేసిన సందర్భాలున్నాయి. టికెట్ కొన్న ట్రావెల్స్ వాళ్లకి కూడా ఫోన్ చేయొచ్చు. వాళ్లు చూసేది ఈ వెబ్‌సైట్ కాదు, అమేడియస్ లాంటి రిజర్వేషన్ సిస్టమ్.

ఇక్కడ ఒక తిరకాసు ఉంది. ఎయిర్‌లైన్ ఇచ్చే పీఎన్ఆర్‌లో అక్షరాలు, అంకెలు కలిపి ఆరుంటాయి. కొన్ని ట్రావెల్ సైట్లు దాంతోపాటు తమ సొంత బుకింగ్ నంబరు పెద్ద అక్షరాలతో వేస్తాయి. దాన్ని ఎయిర్‌లైన్ సైట్‌లో కొడితే ‘బుకింగ్ దొరకలేదు’ అని వస్తుంది, మనమేమో సైట్ పాడైందనో టికెట్ పోయిందనో అనుకుంటాం. ఇ-టికెట్ నంబరు 13 అంకెలది, మొదటి మూడు అంకెలు ఎయిర్‌లైన్‌వి. ఈ పీఎన్ఆర్, ఈ 13 అంకెలు, ఫ్లైట్ నంబరు, మూడూ కాగితం మీద రాసి గోడ క్యాలెండర్ వెనక పెట్టుకోండి. ఎవరికి ఫోన్ చేసినా ముందు అడిగేవి అవే.

వీపీఎన్ గురించి

వేరే దేశం నుంచి వచ్చినట్టు కనిపించడానికి చాలామంది వీపీఎన్ వేయమంటారు. మన దేశంలో అది నేరం కాదు. అయినా నేను ఆఖరున తప్ప చెప్పను. పేరున్న వీపీఎన్‌ల అడ్రస్‌లు ఎయిర్‌లైన్‌ల కాపలా ప్రోగ్రాములకు బాగా తెలుసు, వాటినీ ఆపేస్తారు. దుబాయ్ అడ్రస్‌తో వచ్చి ఇండియా కార్డు వాడితే దొంగ కార్డేమోనని లావాదేవీ ఆగిపోవచ్చు. ఉచిత వీపీఎన్‌లో పాస్‌పోర్టు వివరాలు అస్సలు కొట్టొద్దు. దుబాయ్, అబుదాబీ ఉన్న యూఏఈ దేశంలో ఉన్నవాళ్లకు ఇంకో మాట: వీపీఎన్‌తో అడ్రస్ దాచి నేరం చేస్తే అక్కడి 2021 నాటి సైబర్ చట్టం ప్రకారం 5 లక్షల నుంచి 20 లక్షల దిర్హాముల జరిమానా ఉంది. అక్కడి పిల్లలకి ఊరికే వీపీఎన్ వేసుకోమని ఇక్కడి నుంచి సలహా ఇవ్వకండి.

సైట్ తెరుచుకున్నా డబ్బు పోకపోతే

ఇది దేశం అడ్డంకి కాదు, కార్డుది. రిజర్వ్ బ్యాంక్ నిబంధన ప్రకారం 2020 అక్టోబరు 1 నుంచి కొత్త కార్డులకు విదేశీ చెల్లింపులు మొదట ఆఫ్‌లోనే ఉంటాయి. బ్యాంకు యాప్‌లో ‘ఇంటర్నేషనల్’, ‘ఆన్‌లైన్’ రెండూ ఆన్ చేసి, లిమిట్ పెట్టి, పని కాగానే ఆఫ్ చేయండి. కొన్ని విదేశీ సైట్లు ఓటీపీ అడగకుండానే డబ్బు తీసుకుంటాయి కాబట్టి ఆఫ్ చేయడం మర్చిపోవద్దు.

కస్టమర్ కేర్ నంబరు గూగుల్‌లో వెతకొద్దు

దీనికోసమే ఈ వ్యాసం రాశానన్నా తప్పులేదు. సైట్ తెరుచుకోనప్పుడు మనిషి చేసే తర్వాతి పని ‘ఫలానా ఎయిర్‌లైన్ కస్టమర్ కేర్’ అని వెతకడం. మోసగాళ్లు అక్కడే కాచుకుని ఉంటారు. వెంటనే ఫోన్ ఎత్తుతారు, తెలుగులో మర్యాదగా మాట్లాడతారు, "మీ టికెట్ హోల్డ్‌లో ఉందండీ" అంటారు. స్క్రీన్ షేర్ చేసే యాప్ వేయమంటారు, పది రూపాయలు పంపి చూడమంటారు. పిన్ని కూడా నాకు ఫోన్ చేసే ముందు అలా దొరికిన ఒక సెల్ నంబరు కాగితం మీద రాసుకుని పెట్టుకుంది. దానికి ఫోన్ చేయనందుకు ఇప్పటికీ సంతోషిస్తాను. టికెట్ పీడీఎఫ్ మీదున్న నంబరు, లేదా అధికారిక యాప్‌లో ఉన్న నంబరు మాత్రమే వాడండి. ఒకవేళ డబ్బు పోతే ఆ నిమిషమే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. ఎంత త్వరగా చెబితే ఆ డబ్బు అవతలి ఖాతాలో ఆగే అవకాశం అంత ఎక్కువ.

విమానం ఎన్నింటికి దిగుతుందన్నదే మీ ప్రశ్న అయితే ఎయిర్‌లైన్ సైట్ అవసరమే లేదు. ఫ్లైట్ నంబరు గూగుల్‌లో కొట్టినా, విమానాలు ఎక్కడున్నాయో చూపించే ఫ్లైట్‌రాడార్24లో చూసినా తెలుస్తుంది. ఆ రోజు రాత్రి ఆత్మకూరు నుంచి చెన్నై దాకా దారి పొడుగునా పిన్ని ఫోన్లో చూసింది అదే. అరేబియా సముద్రం మీద నుంచి చిన్న పసుపు రంగు విమానం బొమ్మ కదులుతుంటే, నాయుడుపేట దాటాక డ్రైవర్‌తో అంది, "నిదానంగానే పో నాయనా, మావోడు ఇంకా నీళ్ల మీదే ఉండాడు."