ఆర్మెన్ గారో జీవితకథ రాయదలచినవారికి

ఆటోమన్ సామ్రాజ్యపు ఆర్మేనియన్ విప్లవ నాయకుడు ఆర్మెన్ గారో గురించి రాయబోయేవారు, 1872లో ఎర్జురుంలో (నేటి తూర్పు తుర్కియేలోని నగరం) పుట్టిన ఆయన అసలు పేరు గరెగిన్ పాస్తెర్మాజియన్ అని ముందుగా గుర్తుపెట్టుకుని, రెండు పేర్లతోనూ ఆధారాలు వెతకాలి. తేదీలను అన్నింటినీ ఒకే క్యాలెండరులోకి మార్చుకోండి. 19వ శతాబ్దంలో పాత (జూలియన్) క్యాలెండరు నేటి క్యాలెండరు కంటే 12 రోజులు వెనుకబడి ఉండేది కాబట్టి, 1896లో ఆయన పాల్గొన్న ఆటోమన్ బ్యాంకు ముట్టడికి ఒకచోట ఆగస్టు 14 అనీ మరోచోట 26 అనీ ఉన్నా రెండూ ఒకే రోజు.

కథను బ్యాంకు దగ్గర మొదలుపెట్టకండి. సుల్తాన్ రెండవ అబ్దుల్ హమీద్ పాలనలో 1894 నుంచి 1896 వరకు సాగిన ఆర్మేనియన్ల ఊచకోతలు చెప్పనిదే, ఫ్రాన్స్‌లోని నాన్సీలో వ్యవసాయశాస్త్రం చదువుతున్న యువకుడు చదువు వదిలి ఎందుకు వచ్చాడో పాఠకుడికి అర్థం కాదు.

ఇక 1896 ఆగస్టు 26ను తీరిగ్గా రాయండి. ఆర్మేనియన్ విప్లవ పార్టీ అయిన దాష్నాక్ దళం రాజధాని కాన్‌స్టాంటినోపుల్‌లోని (నేటి ఇస్తాంబుల్) ఆటోమన్ బ్యాంకులోకి చొరబడగానే నాయకుడు పాప్కెన్ సియూని చనిపోయాడు. 24 ఏళ్ల గారో నాయకత్వం చేపట్టాడు. వారు కోరింది డబ్బు కాదు, ఆర్మేనియన్ల రక్షణకు యూరప్ దేశాల జోక్యం. రష్యా దౌత్యకార్యాలయ అధికారి మాక్సిమోవ్ మధ్యవర్తిత్వంతో వారు ప్రాణాలతో బయటపడి ఓడలో మార్సెయ్‌కు వెళ్లారు. అయితే ముట్టడి మొదలైన రోజు నుంచే నగరంలో వేలాది ఆర్మేనియన్లను చంపారు. ఆ సంగతిని తర్వాతి అధ్యాయానికి నెట్టకుండా అదే పేరాలో చెప్పాలి, ఎందుకంటే ఆ చర్య మూల్యాన్ని చెల్లించింది బ్యాంకులో లేనివారే.

నా దృష్టిలో ఈ జీవితానికి ఆయువుపట్టు 1908. సుల్తాన్ పక్కనపెట్టిన ఆటోమన్ రాజ్యాంగం తిరిగి అమల్లోకి వచ్చాక, ఒకప్పుడు బ్యాంకును ముట్టడించిన మనిషే ఎర్జురుం ప్రతినిధిగా ఆటోమన్ పార్లమెంటులో కూర్చున్నాడు. దీన్ని లొంగుబాటుగానో ఎత్తుగడగానో తేల్చేయకుండా, ఆ రోజుల్లో రాజ్యాంగాన్ని తిరిగి తెప్పించిన యువ తుర్కుల ఉద్యమంతో కలిసి నడవవచ్చని ఆయన పార్టీ నిజంగా నమ్మిందని వివరించండి.

మొదటి ప్రపంచయుద్ధం మొదలైన 1914లో రష్యా వైపు ఆర్మేనియన్ స్వచ్ఛంద దళాల్లో చేరిన విషయాన్ని దాచకండి. దాన్ని 1915 నాటి ఆర్మేనియన్ల జాతినిర్మూలనకు సాకుగా చూపే వాదనకు మాత్రం చోటివ్వకండి. ఆయుధం పట్టకుండా రాజధానిలోనే ఉన్న ఎర్జురుం రెండో ఆర్మేనియన్ ప్రతినిధి వార్త్‌కెస్‌ను కూడా ఆ ఏడాదే చంపారు. వాషింగ్టన్‌లో ఆర్మేనియా రిపబ్లిక్ రాయబారిగా పనిచేయడం, 1923లో జెనీవాలో మరణం ఒక పేరాలో సరిపోతాయి.