కరెంటు బిల్లు ఎక్కువొచ్చిందా? తప్పు ఏ లైనులో ఉందో ఇలా పట్టుకోండి

బిల్లు చూడగానే అందరూ ముందు మీటరునే తిడతారు. నిజానికి మీటరు తప్పు తిరగడం అరుదు. తేడా ఎక్కువగా రీడింగు తేదీలోనో, ఇంటి వైరింగులోనో, కింద చిన్న అక్షరాల్లో ఉన్న చార్జీల్లోనో దొరుకుతుంది. మీటరు టెస్టుకు డబ్బు కట్టేముందు ఈ నెల బిల్లు, పోయిన నెలది, నిరుడు ఇదే నెలది పక్కపక్కన పెట్టుకోండి.

సమస్య: వాడకం కాస్తే పెరిగింది, బిల్లు మాత్రం అమాంతం పెరిగింది

తెలంగాణలో ఇది స్లాబు దెబ్బ, అంటే వాడకం ఒక మెట్టు దాటితే రేటు మారిపోవడం. 2022 ఏప్రిల్ నుంచి అమల్లోకి వచ్చిన ధరల్లో నెలకు 200 యూనిట్లు వాడితే మొదటి వందకు యూనిట్‌కు 3.40, రెండో వందకు 4.80 చొప్పున 820 రూపాయలు. ఒక్క యూనిట్ దాటి 201 అయిందంటే మొదటి 200 యూనిట్లకూ 5.10 పడుతుంది. ఆ పై యూనిట్‌కు 7.70. మొత్తం 1,027.70. ఒక్క యూనిట్ ఖరీదు 207.70 అన్నమాట! గృహజ్యోతి (200 యూనిట్ల వరకు ఉచిత కరెంటు పథకం) ఉన్నవాళ్లకు ఇంకా నష్టం, ఆ నెల జీరో బిల్లే పోతుంది.

అందుకే రెండు రీడింగుల మధ్య ఎన్ని రోజులున్నాయో లెక్కపెట్టండి. 34 రోజులకు 220 యూనిట్లు వచ్చాయనుకోండి. 220ని 34తో భాగించి 30తో గుణిస్తే 194. అంటే నెల లెక్కన మీరు 200 దాటలేదు. అయినా పై స్లాబు వేస్తే ఈ లెక్కే కాగితం మీద రాసి ఈఆర్‌ఓ (కరెంటు బిల్లుల) ఆఫీసులో ఇవ్వండి.

ఆంధ్రప్రదేశ్‌లో 2022 నుంచి అందరికీ ఒకే వరస స్లాబులు: మొదటి 30 యూనిట్లకు 1.90తో మొదలై 400 దాటితే 9.75. దాటిన యూనిట్లకే పై రేటు పడుతుంది, కాబట్టి ఇంత పెద్ద గెంతు ఉండదు. ఉంటే కారణం వేరే లైనులో వెతకాలి.

సమస్య: ఒక నెల తక్కువ, తర్వాతి నెల రెట్టింపు

తక్కువ వచ్చిన బిల్లు మీద మీటరు స్టేటస్ చూడండి. ‘డోర్ లాక్’ అని ఉంటే రీడింగు తీయలేదు, సగటు వేశారు. తర్వాతి నెల అసలు రీడింగు తీసినప్పుడు యూనిట్లను రెండు నెలలకు పంచి, సగటు బిల్లుకు కట్టిన డబ్బు తీసేయాలి. పంచకపోతే ఎంత తేడానో తెలంగాణ రేట్లలోనే చూడండి: రెండు నెలలకు 300 యూనిట్లు. నెలకు 150 చొప్పున 580, రెండు కలిపి 1,160. అదే 300నూ ఒకే నెలలో వేస్తే 1,790. ఊరెళ్లేవాళ్లు రీడింగు వచ్చే వారంలో మీటరు ఫొటో తీసి పంపమని పక్కింటివాళ్లకు చెప్పి వెళ్లడం మేలు.

సమస్య: ఇంట్లో ఎవరూ లేకపోయినా యూనిట్లు కదులుతున్నాయి

మెయిన్ ఎంసీబీ (ఇల్లంతటికీ కరెంటు ఆపే స్విచ్) దించి మీటరు మీది ఎర్ర లైటు అయిదు నిమిషాలు చూడండి. మినుకుమంటే మీటరుకూ ఎంసీబీకీ మధ్యలో ఎవరో లైను లాగారు, లేదా మీటరులోనే దోషం ఉంది. మినుకు ఆగిపోతే ఎంసీబీ ఎత్తి, ఫ్రిజ్, ఇన్వర్టర్ ప్లగ్గులు కూడా పీకి, అన్ని స్విచ్‌లూ ఆపి మళ్లీ చూడండి. ఇప్పుడు మినుకుమంటే లీకేజీ. బోరు మోటారు, గీజరు ఎలిమెంటు మొదటి అనుమానితులు.

అద్దె వాటాల్లో చాలామంది ఎలక్ట్రీషియన్లకే తట్టని కారణం ఒకటుంది: రెండు వాటాలకూ ఒకే న్యూట్రల్ (కరెంటు తిరిగి వెళ్లే తీగ). ఇప్పటి మీటర్లు చాలావరకు ఫేజ్ (కరెంటు వచ్చే తీగ), న్యూట్రల్ రెండింటిలో ఏ కరెంటు ఎక్కువైతే దాన్నే లెక్కిస్తాయి. పక్కవాటా కరెంటు మీ న్యూట్రల్ గుండా తిరిగి వెళ్తే అది మీ పద్దులో పడుతుంది. మీటరు మీది ఎర్త్ లైటు వెలుగుతూ ఉండటం దీని గుర్తు. వాటాకు ఒకటి చొప్పున న్యూట్రల్స్ విడదీయించి, 30 మిల్లీఆంపుల ఆర్‌సీసీబీ (లీకేజీ కనిపిస్తే కరెంటు ఆపేసే స్విచ్) పెట్టించండి. కలిసిన న్యూట్రల్ ఇంకా ఉంటే ఆ స్విచ్ పడిపోయి చెప్పేస్తుంది.

సమస్య: మీటరే వేగంగా తిరుగుతోందేమో

మిగతావన్నీ ఆపి, 1000 వాట్ల వాటర్ హీటరు రాడ్‌ను బకెట్ నీళ్లలో పెట్టి మూడు నిమిషాలు వేయండి. మీటరు మీద 1600 ఇంపల్స్ (యూనిట్‌కు అన్ని మినుకులు) అని ఉంటే 80 మినుకులు, 3200 అయితే 160 రావాలి. ఇస్త్రీపెట్టె వద్దు, థర్మోస్టాట్ మధ్యలో ఆపేస్తుంది. ఓల్టేజీ 210 ఉంటే రాడ్ తీసుకునేదే తక్కువ, 67 వచ్చినా వింత లేదు. 80 రావాల్సిన చోట 95 దాటితే టెస్టుకు రుసుము కట్టండి.

సమస్య: యూనిట్ల డబ్బు సరిగ్గానే ఉంది, మొత్తం కలవడం లేదు

ఏసీడీ అంటే అదనపు డిపాజిట్. వాడకం పెరిగితే ఏడాదికోసారి అడుగుతారు. అది మీ డబ్బే, దాని మీద వడ్డీ బిల్లులో జమ కావాలి. జమ పడిందా చూడండి. ట్రూ-అప్, ఎఫ్‌పీపీసీఏ (ఇంధనం, కరెంటు కొనుగోలు ఖర్చుల తేడా) ఎప్పుడో వాడిన కరెంటు తాలూకు సర్దుబాట్లు. ఆంధ్రలో 2022-23 వాడకం మీది సర్దుబాటు 2024 డిసెంబరు నుంచి వాయిదాల్లో వసూలైంది. పాత అద్దెదారు వాడిన కరెంటుకు కొత్తవాళ్లు కట్టాల్సి రావడం అన్యాయమే గానీ బిల్లు తప్పు కాదు. ఇంటి యజమానితో తేల్చుకోవాల్సిన లెక్క అది. కేటగిరీ ఒకటికి బదులు రెండు అని ఉంటే ఇంటికి దుకాణం రేటు వేస్తున్నారు, ఇది వెంటనే మార్పించుకోవాలి.

ఫిర్యాదు ఎలా

1912కు ఫోన్ చేసి ఫిర్యాదు నంబరు తీసుకోండి. తర్వాత మీటరు ఫొటో, బిల్లులు జతచేసి ఈఆర్‌ఓలో రాతపూర్వకంగా ఇచ్చి రసీదు అడగండి. తేలకపోతే డిస్కం (కరెంటు పంపిణీ సంస్థ) వినియోగదారుల సమస్యల పరిష్కార వేదిక, ఆపైన విద్యుత్ అంబుడ్స్‌మన్. ఈలోగా బిల్లు కట్టకుండా మాత్రం ఉండొద్దు. 2003 విద్యుత్ చట్టం 56వ సెక్షన్ ప్రకారం అడిగిన మొత్తాన్నో, గత ఆరు నెలల సగటునో, రెండింట్లో ఏది తక్కువైతే అది, అభ్యంతరం తెలుపుతూ కడితే వివాదం తేలేదాకా లైను కట్ చేయకూడదు. రెండేళ్లు దాటిన బాకీని, ప్రతి బిల్లులోనూ పాతబాకీగా చూపిస్తూ రాకపోతే, దాని పేరు చెప్పి కనెక్షన్ తీసేయడానికీ అదే సెక్షన్ ఒప్పుకోదు.