దసరాకి ఊరెళ్లే ముందు గుమ్మం కెమెరాను ఓసారి చూసుకోండి

పోయిన దసరాకి ఊరెళ్తూ ఎప్పటి అలవాటు ప్రకారం గ్యాస్ కట్టేసి, కుళాయిలు చూసి, చివరగా మెయిన్ ఆఫ్ చేసి తాళం వేశాను. బస్సు చౌటుప్పల్ దాటాక ఫోన్ తీసి చూస్తే గుమ్మం దగ్గరి కెమెరా ఆఫ్‌లైన్ అని ఉంది. ఒక్క క్షణం టెన్షన్. తర్వాత నవ్వొచ్చింది. కెమెరా ఆపింది ఏ దొంగో కాదు, నేనే. తాళం చెవి నా జేబులో, ఇల్లు యాభై కిలోమీటర్ల వెనక. పండగ అయ్యేదాకా మా వీడియో డోర్‌బెల్ (అదే, కెమెరా ఉన్న కాలింగ్ బెల్) గోడకి అలంకారంగా ఉండిపోయింది.

వైరుతో నడిచే డోర్‌బెల్ అంటే బ్యాటరీ ఛార్జింగ్ గొడవ లేదని సంబరపడతాం. కానీ అది నడవాలంటే కరెంటు, అడాప్టర్, రౌటర్, ఇంటర్నెట్ అన్నీ బాగుండాలి. వీటిలో ఏది ఆగినా గుమ్మం దగ్గర పెట్టె బయటికి మామూలుగానే కనిపిస్తుంది, పని మాత్రం చేయదు. అందుకే ఈ పరీక్షలు ప్రయాణం రోజు పొద్దున కాకుండా కనీసం పది రోజుల ముందు చేయండి. పండగ దగ్గర పడితే ఎలక్ట్రీషియన్ దొరకడు, దొరికినా ఫోన్ ఎత్తడు.

మొదట స్విచ్‌బోర్డు సంగతి. డీబీలో, అంటే ఇంటి మెయిన్ స్విచ్ పెట్టెలో, ఏ ఎంసీబీ (ఒక్కో లైన్‌కి ఉండే చిన్న స్విచ్) దించితే రౌటర్, డోర్‌బెల్ ఆగుతున్నాయో ఒక్కొక్కటే దించి చూడండి. రెండూ ఒకే దాని మీద ఉంటాయని లేదు. మా ఇంట్లో రౌటర్ హాలు లైన్ మీద, డోర్‌బెల్ అడాప్టర్ వంటింటి లైన్ మీద ఉన్నాయని నాకు ఆరోజే తెలిసింది. ఆ రెండిటికీ ఎర్ర టేపు అంటించాను. ఊరెళ్లేటప్పుడు గీజరు, ఏసీ, మోటారు వగైరా దించేసి, ఎర్ర టేపు ఉన్నవి, వాటికి కరెంటు ఇచ్చే మెయిన్ ఆన్‌లోనే వదిలేస్తే సరిపోతుంది. ఇన్వర్టర్ ఉంటే ఫైబర్ డబ్బా, వైఫై రౌటర్, డోర్‌బెల్ అడాప్టర్ మూడూ దాని మీదే ఉండాలి. కొన్ని ఇన్వర్టర్ల వెనక యూపీఎస్ మోడ్ అని చిన్న స్విచ్ ఉంటుంది. అది మామూలు మోడ్‌లో ఉంటే కరెంటు పోయి ఇన్వర్టర్ అందుకునే ఆ రెప్పపాటులో రౌటర్ ఆగి మళ్లీ మొదలవుతుంది. నెట్ తిరిగి వచ్చేసరికి రెండు మూడు నిమిషాలు పోతాయి. ఇన్వర్టర్ లేనివాళ్లు రౌటర్‌కి మినీ యూపీఎస్ పెట్టుకోవచ్చు. కానీ డోర్‌బెల్‌కి వేరే ఆధారం లేకపోతే కరెంటు పోయినప్పుడు ఆ యూపీఎస్ ఉండీ ప్రయోజనం లేదు.

ఇక వైరింగ్. ఇక్కడ మాత్రం తొందర వద్దు. అమెరికాలో, డల్లాస్‌లో ఉండే మా బావమరిది "పాత బెల్ స్విచ్ తీసి ఆ రెండు వైర్లు కలిపితే అయిపోయింది బావా, అరగంట పని" అన్నాడు. అతనింట్లో అది నిజమే. అక్కడి ఇళ్లలో బెల్ కోసం చిన్న ట్రాన్స్‌ఫార్మర్ ముందే ఉంటుంది, గుమ్మం దాకా వచ్చేది 16 నుంచి 24 వోల్టులే. మన ఇళ్లలో మామూలు కాలింగ్ బెల్ స్విచ్‌లో నేరుగా 230 వోల్టులు ఉంటాయి. ఆ వైర్లను తక్కువ వోల్టేజీ డోర్‌బెల్‌కి కలిపితే అది కాలిపోతుంది, చెయ్యి తగిలితే ప్రాణం మీదికి వస్తుంది. పైగా పాత స్విచ్ నొక్కినప్పుడే కరెంటు పంపుతుంది, కెమెరాకి ఇరవైనాలుగు గంటలూ కావాలి. కాబట్టి డోర్‌బెల్ మీది లేబుల్ చదివి, అదెంత అడుగుతుందో అంతే ఇచ్చే అడాప్టర్ లేదా ట్రాన్స్‌ఫార్మర్‌ను ఇంటి లోపల పెట్టించి, అక్కడి నుంచి వేరే వైరు లాగించాలి. డీసీ అయితే ప్లస్, మైనస్ తారుమారు కాకూడదు. 230 వోల్టుల వైపు పని లైసెన్స్ ఉన్న ఎలక్ట్రీషియన్‌కే వదిలేయండి. డీబీలో 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్) లేకపోతే అదే చేత్తో పెట్టించండి.

ఎక్కువమందిని తిప్పలు పెట్టే లోపం ఇంకొకటుంది. పగలంతా కెమెరా బాగుంటుంది, చీకటి పడగానే ఆగి ఆగి వస్తుంది. అందరూ వైఫైని తిడతారు. నా అనుభవంలో చాలాసార్లు తప్పు కరెంటుది. రాత్రి చూపు కోసం ఇన్‌ఫ్రారెడ్ లైట్లు వెలిగితే కెమెరా ఎక్కువ కరెంటు లాగుతుంది. వైరు సన్నదై, దూరం ఎక్కువైతే గుమ్మం దగ్గరికి వచ్చేసరికి వోల్టేజీ పడిపోతుంది, కెమెరా రీస్టార్ట్ అవుతుంది. రాత్రిపూట, లైట్లు వెలుగుతుండగా, డోర్‌బెల్ చివర మల్టీమీటర్ పెట్టి కొలవండి. పగలు కొలిస్తే ఇది దొరకదు. తగ్గితే మందమైన వైరు వేయించాలి, లేదా సరిపడా సామర్థ్యం ఉన్న అడాప్టర్ పెట్టాలి. అమెరికా పద్ధతి డోర్‌బెల్‌లకు కూడా తక్కువ సామర్థ్యం ఉన్న పాత ట్రాన్స్‌ఫార్మర్ చాలక ఇదే ఇబ్బంది వస్తుంది.

వోల్టేజీ సరిగ్గా ఉండి కూడా ఆగుతుంటే అప్పుడు వైఫైని అనుమానించండి. చాలా డోర్‌బెల్‌లు 2.4 గిగాహెర్ట్జ్ వైఫై మీదే నడుస్తాయి. ఆప్‌లో సిగ్నల్ మైనస్ 50 దగ్గర ఉంటే భేషుగ్గా ఉన్నట్టు, మైనస్ 70 దాటి మైనస్ 80 వైపు వెళ్తే కష్టం. ఇనుప గ్రిల్లు, కాంక్రీట్ గోడలు సిగ్నల్‌ను మింగేస్తాయి. తలుపు తీసి ఉన్నప్పుడు పరీక్షించి మురిసిపోకండి. తలుపు, గ్రిల్లు రెండూ మూసి చూడండి, ఊరెళ్లాక ఉండేది అలాగే కదా.

దసరా నాటికి వానలు పూర్తిగా పోవు. కోస్తాలో ఈశాన్య రుతుపవనాలు, తుపాన్లు మొదలయ్యేదీ అప్పుడే. డోర్‌బెల్ చుట్టూ సిలికాన్ పూసేటప్పుడు పైన, రెండు పక్కలా పూసి అడుగున వదిలేయాలి. నాలుగు వైపులా మూసేస్తే లోపలికి చేరిన తేమకి దారి ఉండదు. మామూలు ఇన్సులేషన్ టేపు చుట్టిన అతుకులు వానలో ఎక్కువకాలం నిలవవు. లెన్స్ పక్కన సాలెగూడు ఉంటే రాత్రి ఇన్‌ఫ్రారెడ్ వెలుగులో అది తెల్లగా మెరిసి, గాలికి ఊగినప్పుడల్లా ఎవరో వచ్చారని ఫోన్ మోగుతుంది. చివరికి విసిగి అలర్ట్‌లు ఆపేస్తాం. మెత్తటి గుడ్డతో వారానికోసారి తుడిస్తే చాలు.

పాస్‌వర్డ్ విషయంలో నేను చూసిన పెద్ద పొరపాటు కెమెరా పెట్టిన కుర్రాడి ఈమెయిల్‌తోనే అకౌంట్ తెరిపించడం. అంటే మీ గుమ్మం అతని ఫోన్‌లోనూ కనిపిస్తుందన్నమాట. అకౌంట్ ఎవరి పేరున ఉందో ఈరోజే చూడండి. మీది కాకపోతే అతని అకౌంట్ నుంచి డోర్‌బెల్‌ను తీసేయించి, రీసెట్ చేసి మీ పేరున మొదలుపెట్టండి. రెండంచెల ధృవీకరణ ఆన్ చేయండి. ఇంట్లోవాళ్లకి పాస్‌వర్డ్ చెప్పే బదులు ఆప్‌లోని షేర్ సదుపాయం వాడండి. రౌటర్ అడ్మిన్ పాస్‌వర్డ్ కూడా కంపెనీ ఇచ్చిందే ఉంటే మార్చండి. 2016లో మిరాయ్ అనే మాల్‌వేర్ (హానిచేసే ప్రోగ్రామ్) ఇలా మార్చని పాస్‌వర్డ్‌లతోనే లక్షల కెమెరాలు, రౌటర్లలోకి దూరింది. ఆ అక్టోబరులో వాటితో చేసిన దాడికి అమెరికాలో ట్విటర్, నెట్‌ఫ్లిక్స్ లాంటివి కొన్ని గంటలు అందలేదు.

ఏదైనా చెడిపోతే కస్టమర్ కేర్ నంబరు గూగుల్‌లో వెతక్కండి. పెట్టె మీద, ఆప్‌లో ఉన్నదే వాడండి. అవతలివాడు స్క్రీన్ షేరింగ్ ఆప్ వేసుకోమన్నా, ఓటీపీ అడిగినా ఫోన్ పెట్టేయండి. డబ్బు పోతే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి చెప్పాలి.

వీడియోలను నెట్‌లో దాచే క్లౌడ్ ప్లాన్ గడువు ఎప్పటిదాకా ఉందో, మెమరీ కార్డులో నిన్నటి వీడియో తెరుచుకుంటుందో, దాని మీది తేదీ, సమయం సరిగ్గా ఉన్నాయో చూడండి. నెట్ పోయినా కార్డులో రికార్డ్ అయ్యే మోడల్ అయితే ఇంకా మంచిది. అపార్ట్‌మెంట్‌లో ఎదురింటి తలుపు లోపలిదాకా కెమెరా చూస్తుంటే ప్రైవసీ జోన్ పెట్టి ఆ భాగాన్ని కప్పేయండి, మొహమాటం లేకుండా ఉంటుంది.

పండక్కి వెళ్లిన చోట ఉండగా ఎవరైనా మీ ఇంటి బెల్ కొడితే "మేం ఊళ్లో లేం" అని స్పీకర్‌లో చెప్పకండి. "పనిలో ఉన్నాను, తర్వాత రండి" అంటే చాలు. తేడాగా కనిపిస్తే 112కి ఫోన్ చేయండి. వెళ్లే ముందు స్టేషన్‌లో ఒక మాట చెప్పమని పోలీసులు పండగల ముందు చెబుతూనే ఉంటారు, చెప్పి వెళ్లండి.

ఈసారి తాళం వేశాక నా బెల్ నేనే కొట్టి, ఫోన్‌లో వైఫై ఆపి, మొబైల్ డేటా మీద నా మొహం కనిపించాకే ఆటో ఎక్కుతాను. ఇంకో తాళం చెవి ఎదురింటి పిన్నిగారి దగ్గర ఉంచుతున్నాను. ఎర్ర టేపు ఎక్కడుందో ఆవిడకి చూపించాను కూడా. "ఇవి కిందికి పడి ఉంటే పైకి లేపాలి, అంతేగా బాబూ?" అన్నారు. అంతే పిన్నిగారూ.