మేడ మీద చేపలు, ఆకుకూరలు: మన ఎండకూ మన బోరు నీళ్లకూ తగ్గ ఆక్వాపోనిక్స్

చేపల తొట్టి నీళ్లను కంకర మడికి ఎక్కించి, అక్కడ శుభ్రపడ్డాక తిరిగి తొట్టిలోకే దింపడం ఆక్వాపోనిక్స్. చేపలు అమ్మోనియా వదులుతాయి. కంకరకు అంటుకుని బతికే బ్యాక్టీరియా దాన్ని ముందు నైట్రైటుగా, ఆపైన నైట్రేటుగా మారుస్తుంది. మొదటి రెండూ చేపలకు విషం, మూడోది మొక్కలకు తిండి. చల్లటి దేశాల కొలతలు చూసి కట్టినవి మన దగ్గర తరచూ మూడు చోట్ల దెబ్బతింటాయి: ఉప్పు, సున్నం ఎక్కువున్న బోరు నీళ్లు, మే నెల ఎండ, కరెంటు కోత. కట్టేముందే ఈ మూడింటికీ ఏర్పాటు ఉండాలి.

ఇక్కడి లెక్కలు 500 లీటర్ల తొట్టికీ, 2 చదరపు మీటర్ల మడికీ. 200 లీటర్ల నీలం డ్రమ్ములు రెండు తెచ్చి నిలువునా చీలిస్తే నాలుగు మడులు వస్తాయి. తిండి పదార్థాలు నింపిన డ్రమ్ములే తీసుకోండి. రసాయనాలు మోసినవి ఎంత కడిగినా వద్దు.

బరువు సంగతి ముందే చూసుకోండి. కంకర లీటరుకు కిలోన్నర తూగుతుంది. తడిసిన మడి ఒక్కోటి 190 కిలోలకు తగ్గదు. తొట్టితో కలిపి మొత్తం టన్నుంపావు దాటుతుంది. అందుకే స్లాబు నడిమధ్య కాకుండా పిల్లర్ల పక్కన, బీముల మీదుగా పెట్టాలి. పాత ఇల్లయితే ఇంజనీరుకు చూపించాకే మొదలుపెట్టండి. చీల్చిన డ్రమ్ము నిండితే పక్కలు విచ్చుకుంటాయి, కాబట్టి ఇనుప స్టాండు మడి అంచుల్ని రెండువైపులా పట్టి ఉంచేలా చేయించాలి. స్టాండుకు రంగు వేయించండి. నీళ్లు తగిలే చోట జింకు పూత ఉన్న జీఐ పైపు, ఇత్తడి కుళాయి, రాగి తీగ ఏవీ ఉండకూడదు. జింకు, రాగి కొద్దిగా కరిగినా చేపలు పోతాయి. పైపులన్నీ పీవీసీయే.

మడిలో 20 మి.మీ. గ్రానైటు కంకర వేయాలి. తాండూరు, బేతంచెర్ల వైపు దొరికే నాపరాయి ముక్కలు పనికిరావు, అవి సున్నపురాయి. నీళ్లలో కరుగుతూ, నీళ్ల ఆమ్ల, క్షార గుణాన్ని చెప్పే కొలత అయిన పీహెచ్‌ను పైకి లాగుతూనే ఉంటాయి. గుప్పెడు కంకర మీద వెనిగర్ పోసి చూడండి. బుడగలు వస్తే ఆ లోడు వెనక్కి పంపండి. నీళ్లు తేటగా వచ్చేదాకా కడిగాకే మడిలో పోయాలి.

ప్రతి మడి అడుగున ఇంచి పీవీసీ పైపు నిలువుగా బిగించండి. దాని పైకొన కంకర మట్టానికి 5 సెం.మీ. కిందికి ఉండాలి. పైపు అడుగున 6 మి.మీ. రంధ్రం ఒక్కటే వేయాలి. రెండు వేస్తే వచ్చిన నీళ్లు వచ్చినట్టే పోయి మడి నిండదు. నిలువు పైపు చుట్టూ, రంపంతో చీలికలు కోసిన నాలుగించుల పైపు ముక్క తొడిగితే కంకర లోపలికి రాదు. మోటారును టైమరుకు కలిపి అరగంట ఆన్, అరగంట ఆఫ్ పెట్టండి. మడి నిండుతుంది, మిగిలింది పైపు పైకొన నుంచి పొర్లి తొట్టిలోకి పోతుంది. మోటారు ఆగాక అడుగు రంధ్రం గుండా నీళ్లు మెల్లగా దిగుతుంటే వేళ్లకు గాలి అందుతుంది. చాలామంది బెల్ సైఫన్ (మడి నిండగానే నీళ్లను తనంతట తానే లాగేసే గొట్టం) వైపు మొగ్గుతారు గానీ, మోటారు ధార కాస్త తగ్గినా అది లాగడం మానేస్తుంది. మొదటిసారి కట్టేవాళ్లకు టైమరే నయం. రంధ్రాన్ని వారానికోసారి తీగతో పొడవండి.

మోటారు డబ్బా మీది అంకె సున్నా ఎత్తుకు వేసింది. మనకు మీటరున్నర ఎత్తున గంటకు 1000 లీటర్లు కావాలి. అందుకని 2000 నుంచి 2500 లీటర్లు రాసి ఉన్నదీ, కనీసం 3 మీటర్లు ఎత్తగలదీ తీసుకోండి. నాలుగు మడులూ ఒకేసారి నిండితే తొట్టిలో దాదాపు 130 లీటర్లు తగ్గుతాయి. అప్పుడు కూడా మోటారు మునిగే ఉండాలి.

గాలి పంపు దీనికి వేరుగా, రాత్రింబగళ్లూ నడవాలి. నీళ్లు 25 డిగ్రీలున్నప్పుడు లీటరుకు 8 మి.గ్రా. ఆక్సిజన్ పడుతుంది, 35 డిగ్రీలకు 7 కూడా పట్టదు. చేపలకు కనీసం 5 కావాలి. అన్నిటికంటే తక్కువుండేది తెల్లవారుజామున. ఆ వేళ కరెంటు పోతే లేచేసరికి చేపలు తేలిపోయి ఉంటాయి. గాలి పంపును ఇన్వర్టరుకు కలపండి, లేదా బ్యాటరీ పంపు కొనండి. కరెంటు లేనంతసేపూ మేత వేయకండి.

ఇక నీళ్లు. మన బోరు నీళ్ల పీహెచ్ చాలాచోట్ల 7.5 దాటే ఉంటుంది. 30 డిగ్రీల వేడిలో పీహెచ్ 7 ఉంటే అమ్మోనియాలో నూటికి ఒక వంతు కూడా విషరూపంలో ఉండదు. పీహెచ్ 8 అయితే ఏడు వంతులకు పైగా ఉంటుంది. నిమ్మరసమో ఆమ్లమో పోసి దించితే మర్నాటికి మళ్లీ పైకి ఎక్కుతుంది, ఆ ఊగిసలాట చేపలకు ఇంకా చేటు. సగం వాననీళ్లు కలపడం మంచి మార్గం. ఆవిరైన నీళ్లకు బదులు కూడా వాననీళ్లే పోయండి, బోరు నీళ్లే పోస్తూపోతే ఉప్పు పేరుకుంటుంది. మున్సిపల్ నీళ్లయితే గాలి పంపు పెట్టి రెండు రోజులు ఉంచితే క్లోరిన్ పోతుంది.

చేపల్ని వెంటనే వదలకండి. ఎక్కువమంది నష్టపోయేది ఈ తొందర వల్లే. ముందుగా, రోజుకు 10 గ్రాముల చొప్పున చేపమేత నీళ్లలో వేసి కుళ్లనివ్వండి. యూరియా వేయమని కొందరు చెబుతారు. ఎరువుల దుకాణంలో దొరికేది వేపపూత యూరియా, వేప మనకు కావలసిన బ్యాక్టీరియానే అణచేస్తుంది. అది వద్దు. బాగా నడుస్తున్న అక్వేరియం ఫిల్టరు నుంచి కాస్త స్పాంజి దొరికితే మడిలో పెట్టండి, పని త్వరగా అవుతుంది. టెస్ట్ కిట్‌తో రోజు విడిచి రోజు చూడండి. అమ్మోనియా పెరిగి తగ్గుతుంది, నైట్రైటు పెరిగి తగ్గుతుంది, నైట్రేటు నిలుస్తుంది. నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. మేత వేస్తూ ఉన్నా మూడు రోజులు వరసగా మొదటి రెండూ లీటరుకు 0.5 మి.గ్రా. లోపే ఉంటే చేపలకు వేళైనట్టు.

ఏ చేపలు? జిలేబీ (తిలాపియా) తట్టుకుంటుంది గానీ దాని పెంపకానికి మత్స్యశాఖ అనుమతి కావాలి, ముందు అడగండి. ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్ మన దేశంలో నిషిద్ధం. కొర్రమీను పైకొచ్చి గాలి పీల్చుకుంటుంది కాబట్టి ఆక్సిజన్ తగ్గినా బతుకుతుంది. అయితే పెల్లెట్ మేతకు అలవాటుపడిన, ఒకే సైజు పిల్లల్నే తెండి, లేకపోతే పెద్దవి చిన్నవాటిని మింగేస్తాయి. అవి ఎగురుతాయి, తొట్టి మీద వల తప్పనిసరి. తినే ఉద్దేశం లేకపోతే కోయి అనే రంగుచేపలు హాయి. మొత్తం పాతిక చేపలు చాలు. ముందు పది వదిలి, రెండు వారాలాగి మిగతావి వదలండి. ఐదు నిమిషాల్లో తినేంతే, రోజుకు రెండుసార్లు వేయండి. చేపలు పెరిగాక 2 చదరపు మీటర్ల ఆకుకూరలకు రోజుకు 80 నుంచి 100 గ్రాముల మేత సరిపోతుంది. అంతకు మించితే మురుగే.

తోటకూర, గోంగూర, బచ్చలి, పుదీనా మొదటి నెలల్లోనే బాగా వస్తాయి. టమాటా, మిర్చి ఆరు నెలలు గడిచాక పెట్టండి. లేత ఆకులు పసుపురంగుకు తిరిగి ఈనెలు మాత్రం ఆకుపచ్చగా ఉంటే ఇనుము లోటు. డీటీపీఏ చీలేట్ (మొక్కలు పీల్చుకునేలా ఇనుమును నీళ్లలో కరిగే రూపంలో పట్టి ఉంచే మందు), 11 శాతం ఇనుమున్నది, 9 గ్రాములు బకెట్లో కరిగించి నెలకోసారి పోయండి. ఎక్కువగా దొరికే ఈడీటీఏ రకం మన పీహెచ్‌లో నిలవదు. ముదురాకుల అంచులు మాడితే పొటాషియం లోటు. నెలలు గడిచేకొద్దీ బ్యాక్టీరియా పనివల్ల పీహెచ్ దిగుతుంది. 6.5 కిందికి వస్తే కల్తీలేని తడి సున్నం ఒకసారి, పొటాషియం బైకార్బొనేట్ ఒకసారి, 5 గ్రాముల చొప్పున కలపండి.

పురుగుకు ఏ మందూ కొట్టకూడదు. వేపనూనె, పొగాకు కషాయం కూడా చేపలకు విషమే. పేనుబంకను పొద్దున్నే నీటి ధారతో కొట్టి, పడినవాటిని తొట్టిలోకి పోనివ్వకుండా తీసేయండి. మార్చి నుంచే 50 శాతం షేడ్‌నెట్ వేయండి, తొట్టికి పడమటి ఎండ తగలకుండా చూడండి. మడి అడుగున మురుగు పేరుకోకుండా, నడక స్థిరపడ్డాక మడికి గుప్పెడు వానపాములు వదలండి. నిండి దిగే మడిలో అవి హాయిగా బతుకుతాయి.