పికప్ బండి అడుగున అదురు: కారణం పట్టుకుని సరిచేయడం ఎలా?

ఒడిశాలోని పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, కోరాపుట్ ప్రాంతాలలో పికప్ బండి మీద ఆధారపడి బతికే తెలుగు కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. కోరాపుట్ కొండల నుంచి అల్లం, పసుపు దించినా, గజపతి జిల్లా పల్లెల నుంచి జీడిపిక్కలను పలాసకు చేర్చినా, ఆ బండ్లు ఒకే రోజులో ఘాటీని (కొండదారిని), ఎర్రమట్టి దారిని, జాతీయ రహదారిని మూడింటినీ చూస్తాయి. ఇటువంటి బండికి అడుగు నుంచి అదురు మొదలైతే మన వైపు సాధారణంగా మొదట క్రాస్ (గేర్ బాక్సు నుంచి వెనక ఇరుసుకు వెళ్లే షాఫ్టు చివర వంపులోనూ తిరగనిచ్చే ప్లస్ ఆకారపు కీలు) మారుస్తారు, తగ్గకపోతే సెంటర్ బేరింగు (రెండు ముక్కల షాఫ్టును మధ్యలో పట్టి ఉంచే బేరింగు) మారుస్తారు, ఆ తరువాత టైర్ల మీద పడతారు. నేనూ నా బండికి రెండుసార్లు క్రాస్‌లు, ఒకసారి సెంటర్ బేరింగు మార్పించాను. అసలు కారణం మాత్రం అంతకు రెండు నెలల ముందు వెనక కమాను కట్టల్లో (లోడు మోసే స్ప్రింగు పట్టీల కట్టల్లో) అదనంగా వేయించిన పట్టీలలో ఉంది. అందువల్ల ఈ వ్యాసంలో పానా పట్టుకోవడానికి ముందు చేయవలసిన పరిశీలనకు ఎక్కువ చోటు ఇస్తున్నాను.

ఇక్కడ చెప్పేదంతా ఇంజను ముందు ఉండి, గేర్ బాక్సు నుంచి వెనక డిఫరెన్షియల్ (షాఫ్టు తిరుగుడును వెనక చక్రాలకు అందించే, ఇరుసు మధ్యనున్న గేర్ల పెట్టె) వరకు పొడవైన ప్రొపెల్లర్ షాఫ్టు వెళ్లే బండ్లకు, అంటే బొలెరో పికప్, టాటా యోధ తరహా బండ్లకు వర్తిస్తుంది.

ముందు రోడ్డు మీద

మొదటి పని బండిని అడుగుతో సహా శుభ్రంగా కడగడం. వానాకాలంలో రిమ్ము లోపల ఒకవైపే గడ్డకట్టిన ఎర్రమట్టి చక్రం బ్యాలెన్సును చెడగొడుతుంది. షాఫ్టు గొట్టానికి అంటుకుని ఎండిన మట్టి కూడా అదే పని చేస్తుంది. ఒక్కొక్కసారి ఈ కడగడంతోనే అదురు పోతుంది. ఆ తరువాత టైర్లలో గాలి సరిచూసి, టైరు ఎక్కడైనా ఉబ్బిందేమో, చక్రాల నట్లు బిగువుగా ఉన్నాయేమో చూసుకుని, వంశధార ఒడ్డున కాశీనగర్ వైపు ఉండే రోడ్ల వంటి చదునైన, రద్దీ లేని తారు రోడ్డు మీదకు బండిని తీసుకువెళ్లాలి. పక్కన ఒకరిని కూర్చోబెట్టుకుని, ఏ వేగంలో అదురు మొదలవుతోందో, ఎక్కడ పెరుగుతోందో, ఎక్కడ తగ్గుతోందో వారి చేత కాగితం మీద రాయించాలి.

ఇప్పుడు అదే వేగాన్ని మరొక గేరులో పరీక్షించాలి. ఉదాహరణకు గంటకు 50 కిలోమీటర్ల వేగంలో నాలుగో గేరులో అదురు వస్తుంటే, అదే 50 దగ్గర మూడో గేరులో నడిపి చూడండి. గేరు మారినా అదే వేగంలో అదే అదురు ఉంటే కారణం షాఫ్టులోనో, డిఫరెన్షియల్‌లోనో, చక్రాలలోనో ఉంది. అలా కాక ఇంజను తిరిగే వేగాన్ని బట్టి అదురు మారుతూ, నిలబెట్టిన బండిలో యాక్సిలరేటర్ తొక్కినా వస్తుంటే, అది ఇంజను మౌంటింగులకో (ఇంజనును పట్టి ఉంచే రబ్బరు దిమ్మలకో) క్లచ్చుకో సంబంధించినది. దాని కోసం షాఫ్టు విప్పనక్కరలేదు. చివరిగా, ముందూ వెనకా బండ్లు లేని చోట, అదురు ఉన్న వేగంలో ఒక్క క్షణం క్లచ్చు తొక్కాలి. తొక్కగానే అదురు బాగా తగ్గితే లాగుడు పడినప్పుడే బయటపడే దోషాన్ని, అంటే క్రాస్ అరుగుదలను, షాఫ్టు కోణాన్ని, మౌంటింగును అనుమానించాలి. ఏమీ మారకపోతే షాఫ్టు బ్యాలెన్సునో చక్రాన్నో అనుమానించాలి. ఈ పరీక్షను ఘాటీ దిగేటప్పుడు ఎన్నడూ చేయకూడదు. సాలూరుకూ పొట్టంగికీ మధ్యనున్న సుంకి ఘాటీ వంటి చోట ఇంజను పట్టు వదిలితే లోడు బరువంతా బ్రేకుల మీదే పడుతుంది.

చక్రం అదురునూ షాఫ్టు అదురునూ విడదీయడానికి చిన్న లెక్క తోడ్పడుతుంది. టైరు చుట్టుకొలత 2.1 మీటర్లు అనుకుంటే, గంటకు 60 కిలోమీటర్ల వేగంలో చక్రం సెకనుకు దాదాపు 8 సార్లు తిరుగుతుంది. డిఫరెన్షియల్ నిష్పత్తి 4 అయితే షాఫ్టు అదే సెకనులో సుమారు 32 సార్లు తిరుగుతుంది. కనుక చక్రం దోషం స్టీరింగునూ సీటునూ పట్టి ఊపినట్లు తెలుస్తుంది. షాఫ్టు దోషం క్యాబిన్ నేల రేకులో జుమ్మనే మోతగా, అరికాళ్లకు తిమ్మిరిగా తెలుస్తుంది. స్టీరింగు మాత్రమే ఊగుతుంటే ముందు చక్రాలకు బ్యాలెన్సింగు చేయించి, అప్పుడు మిగతాది చూడండి.

లోడుతో ఆగిన బండిని కదిలించేటప్పుడు 10 నుంచి 25 కిలోమీటర్ల వేగం వరకు గుడగుడమని కుదిపి ఆ పైన మానేస్తే, రెండు ముక్కల షాఫ్టు గల బండిలో ముందుగా సెంటర్ బేరింగు రబ్బరును చూడాలి. ముందు గేరు నుంచి రివర్సుకు మార్చినప్పుడు అడుగున టక్కుమంటే క్రాస్ అరిగి ఉండవచ్చు. నెమ్మదిగా గోడ పక్కగా పోతున్నప్పుడు షాఫ్టు తిరిగే లయలో పిచ్చుక అరిచినట్లు కిచకిచ వినిపిస్తే, క్రాస్ లోపలి సూది బేరింగులకు గ్రీజు లేదని అర్థం. ఖాళీ బండి ఎక్కువగా అదిరి, లోడు ఎక్కగానే నిమ్మళిస్తే, అది కోణం తేడా. ఘాటీ ఎక్కేటప్పుడు రాకుండా, యాక్సిలరేటర్ వదిలి దిగేటప్పుడు మాత్రమే వచ్చే అదురు, మూలుగు పినియన్ (షాఫ్టు వెనక చివర తిప్పే డిఫరెన్షియల్ గేరు) బేరింగును సూచిస్తాయి. ఆ పనిని డిఫరెన్షియల్ తెలిసిన మేస్త్రికే అప్పగించాలి.

బండి కిందకు వెళ్లినప్పుడు

గట్టి చదును నేల మీద బండిని నిలిపి, ముందు చక్రాలకు రెండు వైపులా రాళ్లు అడ్డుపెట్టి, వెనక భాగాన్ని జాకీతో లేపిన తరువాత ఇరుసు కింద బలమైన స్టాండ్లు పెట్టి, బరువును వాటి మీదకు దించాలి. జాకీ ఒక్కదాని ఆధారంతో బండి కిందకు వెళ్లవద్దు. గేరు న్యూట్రల్‌లో ఉంచి, హ్యాండ్ బ్రేకు విడిచి, షాఫ్టును చేతితో తిప్పుతూ చూడాలి. ఇంజను నడుపుతూ కింద చేరి చూడడం ప్రాణాపాయం.

క్రాస్‌కు రెండు పక్కల ఉన్న యోకులను (క్రాస్‌ను పట్టి ఉంచే రెండు చెవుల భాగాలను) రెండు చేతులతో పట్టుకుని ఎదురెదురుగా మెలితిప్పండి, పైకీ కిందకీ కదపండి. ఏ కొంచెం ప్లే (వదులు) చేతికి తెలిసినా ఆ క్రాస్ పని అయిపోయినట్టే. క్రాస్ నాలుగు చివరల సూది బేరింగులుండే కప్పుల అంచుల వెంట పసుపు కుంకుమ కలిపినట్లుండే తుప్పు పొడి కనిపిస్తే, లోపల నీరు చేరి సూదులు ఎండిపోయాయి; గెడ్డలు (వాగులు) దాటే బండ్లలో ఇది తరచుగా చూస్తాం. తరువాత షాఫ్టు గొట్టం మీద సొట్టలున్నాయేమో, వెల్డింగు చేసిన చిన్న బ్యాలెన్సు ముక్క ఊడిపోయి దాని మచ్చ మాత్రమే మిగిలిందేమో, స్ప్లైన్ (షాఫ్టు రెండు భాగాలు ఒకదానిలో ఒకటి జారే పళ్ల జాయింటు) దగ్గర అడ్డంగా ఊగుతోందేమో, ఫ్లాంజి (షాఫ్టు చివరను బోల్టులతో బిగించే పలక) బోల్టులు నాలుగూ బిగువుగా ఉన్నాయేమో చూడాలి. సెంటర్ బేరింగు రబ్బరును వేలితో నొక్కి చుట్టూ తడమండి. పైన బాగా కనిపించి కింది భాగంలో చిరిగి ఉండడం మామూలు. గేర్ బాక్సు మౌంటింగు రబ్బరు అణిగిపోయినా షాఫ్టు ముందు చివర కోణం మారుతుంది. వెనక కమాను కట్టలను ఇరుసుకు బిగించే యూ బోల్టులు, పట్టీలను కలిపి పట్టే సెంటర్ బోల్టులు కూడా చూడాలి. సెంటర్ బోల్టు విరిగితే ఇరుసు ఒక పక్క వెనక్కి జరుగుతుంది. ముందు చక్రం మధ్య నుంచి వెనక చక్రం మధ్య వరకు రెండు వైపులా టేపుతో కొలిస్తే ఆ సంగతి వెంటనే తెలిసిపోతుంది.

క్రాస్ మార్చవలసి వస్తే

షాఫ్టు విప్పే ముందే ఫ్లాంజి జతల మీద, స్ప్లైన్ రెండు భాగాల మీద సెంటర్ పంచితో గుర్తులు పెట్టాలి. సుద్దముక్క గీత గ్రీజు చేతికి చెరిగిపోతుంది. ఈ గుర్తులు ఎందుకంటే, వంపుతో తిరిగే క్రాస్ ప్రతి చుట్టులోనూ రెండుసార్లు షాఫ్టు వేగాన్ని పెంచి తగ్గిస్తుంది. అవతలి చివర ఉన్న క్రాస్ ఆ హెచ్చుతగ్గులను రద్దు చేయాలంటే రెండు చివరల యోకులు ఒకే వరుసలో ఉండాలి. స్ప్లైన్‌ను ఒక్క పన్ను తప్పించి ఎక్కించినా ఆ రద్దు సరిగా జరగదు, కొత్త క్రాస్‌లతోనే పాత అదురు తిరిగివస్తుంది.

సర్క్లిప్పులు (కప్పులు బయటకు రాకుండా గాడిలో ఆపే క్లిప్పులు) తీసి, బెంచి వైసు సాయంతో కప్పులను నొక్కి తీయాలి. యోకు చెవుల మీద సుత్తితో బాదితే అవి వంగిపోయి, ఆ యోకు మరి పనికిరాదు. కొత్త కప్పును ఎక్కించేటప్పుడు అందులోని సూదులన్నీ గోడకు ఆనుకుని గ్రీజులో నిలబడి ఉన్నాయో లేదో వెలుతురులో చూడండి. ఒక్క సూది పడిపోయి కప్పు అడుగున అడ్డంగా ఉన్నా కప్పు పూర్తిగా లోపలికి వెళ్లదు, సర్క్లిప్పు గాడిలో కూర్చోదు. అప్పుడు ఇంకా గట్టిగా నొక్కాలని మనసు లాగుతుంది; నొక్కకండి, వెనక్కి తీసి సూదిని నిలబెట్టండి. బిగించిన క్రాస్ అన్ని వైపులకూ చేతితో మెత్తగా తిరగాలి. ఆ తరువాత నాలుగు కప్పుల అంచుల నుంచీ కొత్త గ్రీజు బయటకు వచ్చేవరకు గ్రీజు గన్‌తో కొట్టాలి; ఒక కప్పు నుంచి రాకపోతే షాఫ్టును కాస్త అటూ ఇటూ కదిపి మళ్లీ ప్రయత్నించాలి. ఫ్లాంజి బోల్టులకు అదే బలం గలవాటిని, కొత్త లాక్ నట్లతో, కంపెనీ మాన్యువల్లో చెప్పిన బిగువుకు వేయాలి. హార్డ్‌వేర్ దుకాణంలో దొరికే మామూలు బోల్టులు ఇక్కడ తెగుతాయి.

కోణం కొలవడం

మన ప్రాంతంలో ఎక్కువగా వదిలేసే పని ఇదే. ఎక్కువ లోడు మోయడానికి కమాను పట్టీలు పెంచితే బండి వెనక భాగం లేచి, షాఫ్టు మరింత వాలుగా నిలుస్తుంది. కొలవడానికి చక్రాల మీద నిలిచిన బండి కావాలి. స్టాండ్ల మీద వేలాడే బండిలో వచ్చే కొలత పనికిరాదు. ఫోనులోని వాలు కొలిచే యాప్‌తో గేర్ బాక్సు ఫ్లాంజి, షాఫ్టు గొట్టం, పినియన్ ఫ్లాంజి వాలులను వరుసగా రాసుకోండి. ఫ్లాంజి ముఖం నిలువుగా ఉంటుంది కనుక, అక్కడ నిలువు నుంచి ఎంత ఒరిగిందో అదే దాని వాలు. గేర్ బాక్సు వెనకకు 3 డిగ్రీలు, షాఫ్టు 5 డిగ్రీలు, పినియన్ కూడా గేర్ బాక్సుకు సమాంతరంగా 3 డిగ్రీలు వాలి ఉంటే, రెండు క్రాస్‌ల దగ్గరా 2 డిగ్రీల వంపు ఉన్నట్లు. అది మంచి స్థితి. పట్టీలు పెంచాక షాఫ్టు 7 డిగ్రీలకు, పినియన్ 2 డిగ్రీలకు మారితే ముందు వంపు 4, వెనక వంపు 5 అవుతాయి. సాధారణంగా ఒక్కొక్క వంపు 3 డిగ్రీలు దాటకుండా, రెండింటి మధ్య తేడా 1 డిగ్రీ మించకుండా ఉండాలి. అలాగని వంపు పూర్తిగా సున్నా కావడమూ మంచిది కాదు, సూదులు కదలక ఒకే చోట గుంటలు పడతాయి. రెండు ముక్కల షాఫ్టులో ముందు ముక్క గేర్ బాక్సుతో దాదాపు ఒకే వరుసలో ఉండాలి. సరిపోల్చవలసినవి వెనక ముక్క రెండు చివరల వంపులు.

సరిచేయడానికి కమాను కట్టకూ ఇరుసుకూ మధ్య ఏటవాలు పలకలు వేయవచ్చు, సెంటర్ బేరింగు బ్రాకెట్టు ఎత్తు మార్చవచ్చు. నా అభిప్రాయంలో మాత్రం ముందు అదనపు పట్టీలు తీయించి, రిజిస్ట్రేషన్ పత్రంలో ఉన్న బరువుకే లోడు పరిమితం చేయడం సరైన మార్గం. నా బండికి అదే చేశాను. 45 దగ్గర మొదలయ్యే మోత ఆ రోజుతో పోయింది.

ఇవన్నీ సరిగా ఉండి కూడా వేగంతో పాటు మోత పెరుగుతుంటే షాఫ్టు బ్యాలెన్సు చూపించాలి. ఆ యంత్రం పెద్ద పట్టణాలలోనే దొరుకుతుంది. షాఫ్టును ముక్కలుగా విడదీయకుండా, గుర్తులతో సహా పూర్తిగా తీసుకువెళ్లండి. లేతు దగ్గర గొట్టం కోసి అతికించి, బ్యాలెన్సు చేయకుండానే ఇచ్చే షాఫ్టును బిగించుకోవద్దు.

పని ముగిశాక మొదట రాసుకున్న కాగితం తీసి, అదే రోడ్డులో, అదే లోడుతో, అదే వేగాలలో మళ్లీ నడిపి పోల్చి చూడాలి. 20 కిలోమీటర్లు తిరిగి ఆగి, క్రాస్ కప్పుల దగ్గర చేయి పెట్టకుండా ముందు చేతి వెనక భాగాన్ని దగ్గరగా చేర్చి వేడి గమనించండి; ఒక కప్పు మాత్రమే కాలిపోతుంటే అది బిగుసుకుపోయింది, విప్పి చూడాలి. క్రాస్‌లకూ స్ప్లైన్‌కూ ఇంజను ఆయిలు మార్చిన ప్రతిసారీ, వానాకాలంలో గెడ్డలు దాటే బండికి పదిహేను రోజులకొకసారీ గ్రీజు కొట్టండి. కమాను పట్టీలు కదిపిన బండికి 500 కిలోమీటర్లు తిరిగాక, లోడుతో ఉన్నప్పుడే, యూ బోల్టులు మరొకసారి బిగించాలి.