ఎంబీబీఎస్ దరఖాస్తుకు విశాఖ విద్యార్థులు ముందుగా సమకూర్చుకోవలసినవి

విశాఖపట్నంలో ఇంటర్ చదువుతూ ఎంబీబీఎస్ సీటు ఆశించే విద్యార్థికి ఒక్క దరఖాస్తు సరిపోదు. వైద్య కోర్సుల జాతీయ ప్రవేశ పరీక్ష నీట్ కోసం నేషనల్ టెస్టింగ్ ఏజెన్సీకి పెట్టే దరఖాస్తు మొదటిది. ఫలితాలు వచ్చాక జాతీయ కోటా కోసం మెడికల్ కౌన్సెలింగ్ కమిటీ వద్ద, రాష్ట్ర కోటా కోసం విజయవాడలోని డాక్టర్ ఎన్టీఆర్ ఆరోగ్య విశ్వవిద్యాలయం వద్ద విడివిడిగా నమోదు చేసుకోవాలి. 1923లో ప్రారంభమైన మన ఆంధ్ర వైద్య కళాశాలలో సైతం 15 శాతం సీట్లను కమిటీయే భర్తీ చేస్తుంది కాబట్టి, ఆ కళాశాలపైనే ఆశ పెట్టుకున్నవారు రెండు చోట్లా దరఖాస్తు చేయడం మంచిది. గీతం డీమ్డ్ విశ్వవిద్యాలయం (కేంద్రం నుంచి విశ్వవిద్యాలయ హోదా పొందిన సంస్థ) కనుక అక్కడి సీట్లకు కమిటీ జరిపే కౌన్సెలింగే, అంటే సీట్ల కేటాయింపే మార్గం.

నీట్ దరఖాస్తులో పేరు, పుట్టిన తేదీ పదో తరగతి మార్కుల జాబితాలో ఉన్నట్టే ఉండాలి. మన ఇళ్లలో ఒక పత్రంలో ఇంటిపేరు పూర్తిగా, మరొక దానిలో పొడి అక్షరంగా ఉండటం మామూలే. ఆధార్‌లో అటువంటి తేడా ఉంటే దరఖాస్తు తెరవక ముందే సరిచేయించాలి. 2025లో ఫిబ్రవరి 7 నుంచి మార్చి 7 వరకు దరఖాస్తులు తీసుకున్నారు. ఇంటర్ పరీక్షల ఒత్తిడి మొదలయ్యే కాలం అదే, అందువల్ల ఈ పనులు సంక్రాంతి సెలవుల్లోనే ముగించుకోవాలి.

కులానికి సంబంధించిన గడి దగ్గర ఎక్కువ జాగ్రత్త అవసరం. రాష్ట్రంలో బీసీలుగా గుర్తింపు పొందిన కులాలన్నీ కేంద్ర ఓబీసీ జాబితాలో ఉండాలన్న నియమం లేదు. నీట్ దరఖాస్తు కేంద్ర జాబితానే చూస్తుంది. మీ కులం అందులో లేకపోతే జనరల్ అని నింపవలసి ఉంటుంది; అంతమాత్రాన రాష్ట్ర రిజర్వేషన్ పోతుందని భయపడనక్కరలేదు, ఎందుకంటే ఆరోగ్య విశ్వవిద్యాలయం తన కౌన్సెలింగ్‌లో రాష్ట్ర కుల ధ్రువపత్రాన్నే పరిశీలిస్తుంది. కేంద్ర జాబితాలో ఉన్నవారు మాత్రం రాష్ట్ర పత్రంతో ఆగకుండా, క్రీమీలేయర్‌కు (ఓబీసీల్లో రిజర్వేషన్ వర్తించని సంపన్న వర్గానికి) చెందరని తెలిపే ఓబీసీ పత్రాన్ని కూడా తహసీల్దారు నుంచి విడిగా తీసుకోవాలి. ఆర్థికంగా వెనుకబడిన అగ్రవర్ణాలకిచ్చే ఈడబ్ల్యూఎస్ పత్రం ఆ ఆర్థిక సంవత్సరానికే చెల్లుతుంది.

స్థానికత విషయంలో మన నగరానికి ప్రత్యేకమైన చిక్కు ఉంది. ఇంటర్‌తో ముగిసే వరుస నాలుగు విద్యా సంవత్సరాలు ఆంధ్ర విశ్వవిద్యాలయ ప్రాంతంలో, అంటే పాత శ్రీకాకుళం నుంచి పాత ప్రకాశం వరకున్న కోస్తా జిల్లాల్లో చదివినవారిని ఇక్కడి స్థానికులుగా పరిగణిస్తారు. ఆరో తరగతి నుంచి ఇంటర్ వరకు స్టడీ సర్టిఫికెట్లు అడిగేది ఈ స్థానికతను తేల్చడానికే. నౌకాదళం, పోర్టు, రైల్వే, ఉక్కు కర్మాగారం వంటి చోట్ల పనిచేసే వారి పిల్లలు బదిలీల వల్ల రెండు మూడు రాష్ట్రాల్లో చదివి ఉంటారు. ఇంటర్ కోసం హైదరాబాద్ పంపిన కుటుంబాలూ తక్కువేమీ కాదు. అటువంటివారు కౌన్సెలింగ్ ప్రకటనలోని స్థానికత నిబంధనను అక్షరం వదలకుండా చదివి, తమకు వర్తించే నివాస ధ్రువపత్రం కోసం ముందే వార్డు సచివాలయంలో దరఖాస్తు చేయాలి. దూరపు పాఠశాల నుంచి పాత స్టడీ సర్టిఫికెట్ తెప్పించడానికి వారాలు పట్టవచ్చు, కౌన్సెలింగ్ గడువు మాత్రం కొద్ది రోజులే ఉంటుంది.

కౌన్సెలింగ్‌లో ఆన్‌లైన్‌లో కళాశాలలను ఎంచుకునే వెబ్ ఆప్షన్లలో వాటిని మీ ఇష్టం ప్రకారమే వరుసగా పెట్టండి. ర్యాంకు చాలదేమోనని కోరుకున్న కళాశాలను కిందికి దించడం వల్ల లాభం లేదు, ఎందుకంటే పైది దొరకనప్పుడే తరవాతి దాన్ని చూస్తారు. తరవాతి విడతలో పై ఆప్షన్ వస్తే పాత సీటు రద్దవుతుంది కనుక, వెళ్లడానికి నిజంగా సిద్ధపడిన కళాశాలలనే పైన ఉంచాలి.

చేరే రోజున అసలు పత్రాలు కళాశాలకు అప్పగించవలసి వస్తుంది. అంతకు ముందే స్కాన్ ప్రతులతో పాటు రెండు మూడు జిరాక్స్ సెట్లు ఇంట్లో ఉంచుకుంటే, ఫీజు రీయింబర్స్‌మెంట్‌కో బ్యాంకు రుణానికో మళ్లీ కార్యాలయాల చుట్టూ తిరగనక్కరలేదు.